మా ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు

ఆ మేస్త్రిని నేను క్షమించలేదు. ఆయన పోయాడని తెలిసిన రోజు కూడా క్షమించలేదు. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు గానీ, బతికుండగా అన్నది చాల్లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, మంథనిలోని మా వంటింటిని పెద్దది చేయించాలనుకున్నాడు బాపు. మధ్యలోని మట్టిగోడ తీసేసి, టేకు దూలం వేసి, పైన పెంకులు మళ్లీ కప్పించాలి. గుత్తకు పని పట్టే ఈ మేస్త్రి వచ్చాడు. తెల్లటి ధోవతి, తియ్యటి మాటలు. నిర్మల్‌లో ఒక ఇల్లు తన చేతి పనేనని, అనుమానముంటే పోయి చూసుకొమ్మని చెప్పాడు. అంత దూరం ఎవరు పోతారని ఆయన ధైర్యం. బాపు పోయాడు.

పోయి ఏం చేశాడు? దీపాల వేళకు చేరి, ఆ ఇంటివాళ్లు పెట్టిన అన్నం తిని, "ఇల్లు మంచిగున్నదా అన్నా?" అని అడిగాడు. మా వైపు ఎవరూ తాము కాపురముంటున్న ఇంటిని దీపం పెట్టాక చెడ్డదనరు. అలా అంటే ఇంటి లక్ష్మి నొచ్చుకుంటుందని భయం. పైకప్పు కురుస్తుంటే కింద గిన్నె పెట్టుకుంటారు గానీ నోరు విప్పరు. ఆ ఇంటాయనా "మంచిగనే ఉన్నది" అన్నాడు. బాపు తలెత్తి ఒక్కసారైనా పైకి చూడలేదు. అన్నం పెట్టినవాళ్ల ఇంట్లో వెతుకులాడడం మర్యాద కాదనుకుని, నిశ్చింతగా తిరిగొచ్చాడు.

మేస్త్రి వేసింది టేకు కాదు. రంగు పూసిన మెత్తటి కర్ర. బొమ్మలు చెక్కుకోవడానికైతే పనికొచ్చేది. రెండో వానాకాలంలో అది విరిగి, పొయ్యి ముందు జొన్నరొట్టె చేస్తున్న, నన్ను కన్న అవ్వ కుడిచేతి మీద పడింది. పసరు కట్టు కట్టించినా ఎముక వంకరగానే అతికింది. వేళ్లు మూసుకునేవి కావు. అన్నం కూడా ఎడమచేత్తో తినాల్సి వచ్చింది. ఆ సిగ్గుకు అవ్వ అందరూ తిని లేచాక, గోడవైపు తిరిగి ఒక్కతే తినేది.

మేస్త్రి ముఖం చాటేశాడు. బాపు వేరే దూలం వేయించి, గోడలకు సున్నం కొట్టించి ఊరుకున్నాడు. ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక సాయంత్రం పెద్దపల్లి నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఇల్లు బాగుచేయించుకుంటున్నారట, మేస్త్రి పనితనం చూసిపోదామని వచ్చారట. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది ఆయనే. లోపలికి రాకుండా వీధిలో నిలబడ్డాడు. దీపాల వేళ చూసి మరీ తీసుకొచ్చాడు. మావాళ్ల మర్యాద మీద ఇన్నాళ్లూ బతికినవాడికి ఆ వేళ తెలియదా?

"పని మంచిగ జేసిండా అన్నా?" అని అడిగాడు పెద్దపల్లి ఆయన.

బాపు నేలచూపులు చూస్తూ, "మంచిగనే ఉన్నది" అన్నాడు.

నా ఒళ్లు భగ్గుమంది. అవ్వ ఎప్పటిలాగే చేతిని కొంగు కింద దాచుకుని తలుపు పక్కన నిలబడి ఉంది. నేను పోయి ఆ చేతిని బయటికి లాగాను. "వద్దు బిడ్డా" అంది అవ్వ. నేను వినలేదు. తీసుకుపోయి ఆ వచ్చినామె చేతిలో పెట్టాను.

"ఇంటి సంగతి బాపు జెప్పిండు పెద్దమ్మా. గీ చెయ్యి గూడ గా మేస్త్రి పనే. జర మంచిగ సూడు."

ఆమె ఆ వేళ్లను మెల్లగా మూయబోయింది. అవి మూసుకోలేదు. అవ్వ ముఖం తిప్పుకుంది. ఆమె లేచి భర్తను రమ్మంది. మేస్త్రి నవ్వుతూ ఎదురు రాబోతే, ఇద్దరూ ఆయనను దాటుకుని బస్సు వైపు నడిచారు.

పెళ్లీడుకొచ్చిన పిల్ల వీధిలో గొంతెత్తకూడదు. నేను అరుగు మీద నిలబడి, వాడకట్టంతా వినేలా ఆ దూలం కథ మొత్తం చెప్పాను.

"మీ బాపు మంచిగున్నదన్నడు గద బిడ్డా" అన్నాడు మేస్త్రి.

"మా బాపు మర్యాదస్తుడు. నేను గాదు."

ఆ తర్వాత మంథనిలో గానీ పెద్దపల్లిలో గానీ ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. ముసలితనంలో పరాయి మేస్త్రుల కింద ఇటుకలు మోస్తున్నాడని మా చుట్టం ఒకామె జాలిగా చెప్పింది.

"మొయ్యనియ్యి. చేతులు రెండు మంచిగనే ఉన్నయి గద" అన్నాను.