అమ్మ పాట మీద సిగ్నల్ పట్టీలు

మా అక్క మొగుడికి టీవీ బాగుచేయడం రాదు. టీవీ మాటలు మాత్రం దండిగా వచ్చు. వాళ్ళది మనుబోలు. అక్కడ ఎవరిదో డిష్‌లు బిగించే కొట్టు ముందు ఒక వేసవంతా నిలబడి ట్రాన్స్‌పాండర్, సింబల్ రేట్, పోలరైజేషన్ అన్నీ నోటికి నేర్చుకున్నాడు. సముద్రం పక్కనున్న మా ఊళ్ళో ఉప్పుగాలికి డిష్‌లు తుప్పుపడతాయి, అందులో వింతేముంది? ఆయన మాత్రం వచ్చినప్పుడల్లా మిద్దె ఎక్కి, డిష్‌కు ముక్కులా ఉండే ఎల్‌ఎన్‌బీని అటూ ఇటూ తిప్పి, "స్క్యూ పోయింది" అని తీర్పు చెప్పేవాడు. స్క్యూ అంటే ఏందని అడిగితే "మీకు అర్థం కాదులే" అనేవాడు. తనకైతే అర్థమైనట్టు!

ఒక ఏడాది ఒక చిన్న ఉచిత చానల్ వాళ్ళు మా చర్చి ఆరాధనను రికార్డు చేసుకుని వెళ్ళారు. అందులో అమ్మ ఒక్కతే నిలబడి ఒక కీర్తన పాడింది. చిన్నప్పటి నుంచీ పాడుతున్న మనిషి, తను పాడుతుండగా ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూసుకోవాలని ఆమెకు మహా ఆశ. పాస్టరు గారు ప్రసంగం ముగించి, వాక్యం చెప్పినంత గంభీరంగా ఆ చానల్ ఫ్రీక్వెన్సీ చదివి, "ఒక్కసారే వేస్తారు, మళ్ళీ రాదు" అన్నారు.

అది వేసే రోజు ఉదయం అమ్మ తెల్లచీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఇరుగుపొరుగు వచ్చారు. రిమోట్ అల్లుడు గారి చేతిలో ఉంది. అంకెలు కొట్టాడు, చానల్ వచ్చింది. కాదనను. కానీ తెర నడిమధ్యన పెద్ద డబ్బా, అందులో రెండు పచ్చ పట్టీలు: స్ట్రెంగ్త్, క్వాలిటీ. దాని వెనక అమ్మ పాడటానికి లేచి నిలబడింది. గొంతు వినబడుతోంది. మొహం ఉండాల్సిన చోట పట్టీలున్నాయి.

"బావా, ఆ డబ్బా తీసెయ్."

"ఉండబ్బయా, క్వాలిటీ యాడుండాదో చూడు. ఇది తీస్తే లాక్ పోద్ది."

సిగ్నల్ సెట్‌టాప్ పెట్టెకు దొరికి నిలవడాన్ని లాక్ అంటారు. పట్టీలు దాన్ని చూపిస్తాయి, పట్టుకుని ఉండవు. థర్మామీటరు తీసేస్తే జ్వరం తగ్గుతుందా? ఈ పాటి బుర్ర లేనివాడికి అన్ని మాటలెందుకో!

"ఎగ్జిట్ నొక్కితే చాలు బావా."

"నీకేం తెలుసు? ట్రాన్స్‌పాండర్ జారిపోద్ది. రిమోట్ ముట్టుకోబాక."

నేను రిమోట్ మీద చెయ్యి వేశాను. అమ్మ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. నలుగురి ముందు అల్లుడి చేతిలోది లాక్కోవడం మా ఇంట్లో లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి తీసేశాను. మొదటి చరణం, రెండో చరణం, ఆఖరి పల్లవి అన్నీ ఆ పట్టీల వెనకే గడిచిపోయాయి. పాట అయ్యాక ఆయనే తీరిగ్గా ఎగ్జిట్ నొక్కాడు. లాకూ పోలేదు, ఏదీ జారలేదు. తెర మీద పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు.

"చూసినారా అత్తా, బొమ్మ ఒక్కసారన్నా ఆగలా" అన్నాడు బావ.

"బాగుండాది నాయనా. లేవండి, టిఫిన్ తిందురు" అంది అమ్మ.

వంటింట్లో పెనం మీద దోసె పోస్తూ, నా వైపు చూడకుండా మెల్లగా అడిగింది.

"ఆ రోజు నువ్వు చర్చిలో ముందర కూచోని ఉన్నావు గదా. పాడేటప్పుడు నేను ఎట్టుంటాను?"