విప్పిన జత

మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చే అక్క సైకిలంటే నాకు మొదటి నుంచీ రోత. గంపలోంచి కారిన నీళ్లు, పొలుసులు, జిగురు ఎండి ఇనుమంతా నల్లగా పేరుకుని ఉంటాయి. అయినా దాని పెడళ్లు మారుస్తానని నేనే ఎగబడ్డాను.

"దీనికి షాపోడెందుకక్కా? ఒక వంజరం చేప ఇయ్యి, నేనే బిగిస్తా."

"తెల్లారేసరికి నేను రేవులో ఉండాలన్నా. ఆలస్యమైతే మంచి చేప దక్కదు. చేతగాకుంటే ఇప్పుడే చెప్పు."

చేతగాకపోవడమా? కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. మంచి వంకాయలు పైన, పుచ్చువి కింద సర్దింది ఈ చేతులే. అందుకే ఇందుకూరుపేట సైకిల్ షాపతను తీగతో కట్టిన పెడళ్ల జత చేతిలో పెట్టగానే, మంచిదానికి నాసిది కలిపి కట్టాడేమోనని అనుమానమొచ్చింది. ఇంకో జత కూడా తీయించి, రెండిటి తీగలూ విప్పేసి, మెరిసేవి రెండు ఏరుకున్నాను.

"జత విడదీయొద్దన్నా, అది..."

"నాకా చెప్తా ఉండావు?" అని మాట పూర్తికాకుండానే వచ్చేశాను.

సాయంత్రం పాత కుడి పెడల్ తేలిగ్గానే ఊడింది. ఎడమది అటే తిప్పితే ఇంకా బిగిసింది. విసుగొచ్చి ఎదురు తిప్పితే వచ్చింది. తుప్పు చేష్ట అనుకున్నాను. చేతులకు కుళ్లిన రొయ్యల కంపు. కొత్తది ఎడమవైపు పట్టనే లేదు. పానాకి గొట్టం తగిలించి బలవంతంగా తిప్పాను. కరకరమంటూ వంకరగా సగం దిగి, ఆపైన ఊరికే తిరగసాగింది. ఇనుప రజను రాలింది. పెడల్ పట్టే ఇనుప కడ్డీ లోపలి మర అరిగిపోయింది, ఇక అందులో ఏ పెడలూ నిలవదు.

అప్పుడు చూశాను, రెండు కొత్త పెడళ్ల మీదా ఒకే 'R' గుర్తు. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందన్నమాట, షాపతను చెప్పబోయింది అదే. నేను ఏరుకున్నవి రెండూ కుడివే.

"రెండూ కుడికాలి చెప్పులే తెచ్చినట్టుండాదే!" అంది అక్క. నవ్వలేదు. సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయింది. నా తెలివి మీద నాకే ఏవగింపు పుట్టింది.

మర్నాడు ఎండెక్కాక నెత్తిన గంపతో నడిచి వచ్చింది. అప్పటికే వాసన. వీధిలో ఎవరూ పిలవలేదు. నా గడప ముందు గంప దించి ఒక చేప తీసింది. వంజరం కాదు, మెత్తబడిన ఏదో చిన్న చేప.

"మాట మాటే గదన్నా. ఇదే దొరికింది."

రోజూ మొప్ప ఎత్తి, కన్ను నొక్కి, ముక్కు విరిచి గానీ చేప కొననివాణ్ణి. ఆ రోజు గంపంతా నేనే డబ్బిచ్చి కొన్నాను. ఒక్క మొప్ప కూడా ఎత్తి చూడలేదు.