జీను విప్పి చూడలేదు

2018 డిసెంబరు. రామచంద్రపురానికి దగ్గర్లో ఒక పశువుల ఆసుపత్రిలో నేను డాక్టరుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో నేను పురుడు పోసిన గేదెలకు లెక్క లేదు. గుర్రం మాత్రం ఒక్కటే తగిలింది. వరిచేల మధ్య గుర్రాన్ని పెంచేదెవరు? కాలేజీలో గుర్రాల పాఠం చదివాను, పరీక్ష రాశాను, మర్చిపోయాను. మర్చిపోయానన్న సంగతి కూడా నాకు తెలియకపోవడమే అసలు తప్పు.

ఆ గుర్రం సుబ్బరాజుగారిది. ఆయనకు అరవై ఆరేళ్ళు, గుర్రానికి ఇరవై దాటాయి. తెల్లగా ఉంటుందని దానికి ముత్యమని పేరు పెట్టారు. భార్య పోయాక ఆరేళ్ళుగా ఆయన్ని పొద్దున్నే మంచం మీంచి లేపుతున్నది ఆ గుర్రమే. రోజూ తెల్లవారాక కాలవ గట్టు మీద స్వారీ చేసేవారు. రెండో పంట దాళ్వా ఊడ్పులకు వచ్చిన కూలీలు పని ఆపి మరీ చూసేవారు.

ధనుర్మాసం చలి మొదలయ్యాక ఒక రోజు కబురు పెట్టారు. వెళ్ళేసరికి ముత్యం జీను వేసుకుని సిద్ధంగా ఉంది.

“చూడండి డాక్టరమ్మగారూ, పట్టీ బిగించేసరికి నడుం విల్లులా వంచేస్తోందండి. ఎక్కితే చాలు, ఎగిరి పడేద్దామని చూత్తది. ఎండాకాలంలో ఈ గొడవే లేదు. ఈ వయసులో ఇదేం పౌరుషమండీ!” అన్నారు. ఫిర్యాదు చేస్తున్నట్టే ఉన్నా ఆ గొంతులో గర్వం దాగలేదు.

“దాణా తింటోందా?”

“ఆయ్, ఉలవలు కుండెడు పెట్టినా మిగల్చదండి.”

“గట్టు మీద ఎంతసేపు గొడవ చేస్తుంది?”

“ఓ అరగంటండి. తర్వాత బుద్ధిగా ఉంటది.”

థర్మామీటరు పెట్టాను, జ్వరం లేదు. స్టెతస్కోపుతో గుండె విన్నాను, బాగుంది. పేడ చూశాను. మా గేదెల లెక్కలో ఇంతే. గేదెకు నొప్పి ఉంటే మేత మానేస్తుంది, నెమరు ఆపుతుంది, చెవులు వాల్చి పడుకుంటుంది. ఇది తింటోంది, గెంతుతోంది. ఇంక జబ్బెక్కడుంది?

“చలికి గుర్రాలకు ఉషారెక్కుతుందండీ. మీరు లొంగకండి. ఆ అరగంటా బాగా పరిగెత్తించండి” అన్నాను.

“కొరడా వాడొచ్చంటారా?”

“అవసరమైతే వాడండి. మొండితనం అలవాటు చెయ్యకండి.”

జీను విప్పండి, ఒకసారి వీపు చూస్తాను అని అడగాలని నాకు తోచలేదు. టీ తాగి వచ్చేశాను. గుర్రానికి కూడా వైద్యం చేశానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడు వారాల తర్వాత, పొద్దున్న ఏడున్నరకు ఫోన్ వచ్చింది. గట్టు మీద తూము దగ్గర ముత్యం ఒక్కసారిగా ఎగిరిందట. మంచుకు తడిసిన మట్టిలో కాలు జారి, రాళ్ళ మీదుగా కాలవలోకి పడింది. నేను వెళ్ళేసరికి కూలీలు దాన్ని ఒడ్డుకు లాగారు. ముందరి కాలు మోకాలి కింద విరిగి ఎముక బయటికి వచ్చింది. సుబ్బరాజుగారు ఎడమ చెయ్యి వేలాడేసుకుని, బురదలో కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన మెడ దగ్గరి ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. ఆసుపత్రికి రమ్మంటే కదలలేదు.

“కట్టు కట్టలేరా అమ్మా?”

“అంత బరువు మూడు కాళ్ళ మీద నిలవదండీ. ఆ ఎముక అతకదు. ఇలా ఉంచితే నరకం.”

ఆయన దాని నుదుటి మీది బురద తుడిచారు. తర్వాత తలూపారు. యుథనేషియా, అంటే బాధ లేకుండా ప్రాణం పోయేందుకు ఇచ్చే ఇంజెక్షన్, నా చేత్తోనే చేశాను. ఆయన దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నారు.

ఆయన్ని ఆసుపత్రికి పంపే ముందు, పోస్ట్‌మార్టం చేస్తానని అనుమతి అడిగాను. అంత ముసలి గుర్రం అలా ఎందుకు ఎగిరిందో అప్పటికి నాకు అనుమానం పుట్టింది. ఆయన కొబ్బరితోటలో దాన్ని పాతిపెట్టడానికి పొక్లెయిన్ గొయ్యి తవ్వుతుండగా, పక్కన నేను జీను పట్టీ విప్పాను. వీపు కోసి చూస్తే, సరిగ్గా జీను కూర్చునే చోట అయిదు వెన్నుపూసలు ఒకదానికొకటి ఒరుసుకుని అరిగిపోయి ఉన్నాయి. రెండు అతుక్కుపోయాయి. అది ఒక్క శీతాకాలంలో వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి ముదిరిన కీళ్ళవాతం.

ఆయనకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాను. చెప్పకపోతే ఆయనకు మంచిదా, నాకు మంచిదా అని ఆలోచిస్తే, నాకేనని తేలింది. మూడో రోజు వెళ్ళాను.

భుజానికి కట్టుతో అరుగు మీద కూర్చున్నారు. “ఆఖరి దాకా పౌరుషం తగ్గలేదండి దానికి” అన్నారు.

“అది పౌరుషం కాదండీ. నడుం నొప్పి. చలికి కీళ్ళు బిగుసుకునేవి. పట్టీ బిగిస్తే ప్రాణం పోయినంత పనయ్యేది.”

ఆయన నా వైపు చూశారు. “మరి అరగంట పోయాక ఊరుకునేది కదా?”

“ఒళ్ళు వేడెక్కాక కాస్త తగ్గేదండీ.”

“నేను గెలిచాననుకునేవాణ్ణమ్మా” అన్నారు. తన అరచెయ్యి చూసుకుంటూ, “రోజూ కొట్టాను” అన్నారు.

“కొట్టమన్నది నేనండీ.”

ఆయన కుడిచేత్తో కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నేను కూర్చోలేకపోయాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ గుర్రాన్ని తేలేదు. గట్టు మీద నడిచి వస్తూ ఎదురైతే నమస్కారం పెడతారు. అది తీసుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే.

గేదె నొప్పికి పడుకుంటుంది, గుర్రం నొప్పికి పరిగెడుతుంది. పుస్తకంలో ఒక పేరాలో ఉన్న ఆ సంగతి నాకు తోటలో, గొయ్యి పక్కన తెలిసింది. ఇప్పుడు ఎవరైనా తమ పశువు మహా ఉషారుగా ఉందని మురిసిపోతే, ముందు ఒంటి మీదున్నవన్నీ విప్పించి వీపంతా తడిమి చూస్తాను. ముత్యం బతికుండగా దాని వీపు మీద నా చెయ్యి ఒక్కసారి కూడా పడలేదు.