దూలం మీది విత్తనం

ఆ వీధిలో అందరూ ఆమెను విత్తనాలత్త అనేవారు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. మొక్కజొన్న కోతలప్పుడు చేనంతా కలియతిరిగి, గింజ నిండుగా పట్టిన కంకులు ఏరి, వాటి పైపొరలు జడలా అల్లి, పొయ్యి పైనున్న దూలానికి వేలాడదీసేది. పొగ పట్టిన గింజను పురుగు ముట్టదు. విత్తే వేళకు చుట్టుపక్కలవాళ్లంతా ఆమె గడపలోకే వచ్చేవారు. ఊరికే ఇచ్చేదా? కలుపు తీయలేదేమని, గట్టు వేయలేదేమని నాలుగు చీవాట్లు కలిపి మరీ ఇచ్చేది.

వానలు ముఖం చాటేసిన ఏడాది కోడలు దుకాణం నుంచి సంకర విత్తనం తెచ్చింది. తక్కువ తడులతో, తక్కువ ఎరువుతో పండుతుందట. అత్త మూతి ముడిచింది గానీ కాదనలేదు. తీరా పంట చూశాక నోరు వెళ్లబెట్టింది. ఎంతెంత కంకులని! మొండిఘటమే గానీ అబద్ధమాడే మనిషి కాదు. కోడలే గెలిచిందని వీధంతా తానే చెప్పుకొచ్చింది. దూలానికి మిగిలిన పాత కంకుల్ని దించి, ఒలిచి, పిండి పట్టించేసింది. ఆ చోట కొత్తవాటిలో మేలైనవి వేలాడదీసింది.

"అత్తయ్యా, ఇవి ఒక్క పంటకేనట. వీటి గింజలు మళ్లీ వేస్తే ఇలా రావట. ఏటా కొత్తవి తెచ్చుకోవాలన్నారు" అంది కోడలు.

"విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా? అమ్ముకునేవాడు అలాగే అంటాడు. నువ్వూరుకో."

పాపం, బతుకంతా మంచి కంకి నుంచి మంచి పంటే చూసిన మనిషి. ఇంకెలా అనుకుంటుంది? తన చేలో అవే వేసింది, అడిగినవాళ్లకూ అవే పంచింది.

చేను ఎదిగేకొద్దీ ఆమె మాట తగ్గిపోయింది. ఒక మొక్క తలదాటితే పక్కది మోకాలు దాటలేదు. కంకులు సగం బోసిపోయాయి. ఆమె దగ్గర తీసుకున్నవాళ్ల చేలన్నీ అంతే. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె కుమిలిపోయింది.

తప్పు తనదేనని కోడలి ముందు తానే ఒప్పుకుంది. ఇకమీదట ఏటా కొత్తదే తెద్దామంది. కానీ దుకాణంలో దొరకని ఏడు, కొనలేని ఏడు ఏం వేస్తారు? ఒకప్పుడు తన అత్త చేతి నుంచి తనకొచ్చిన ఆ పాత విత్తనం గుప్పెడైనా ఇంట్లో ఉండాలి. అది వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగింది. కరువేడు దాన్నే వేసుకున్నవాళ్లు కూడా లేదనే అన్నారు.

చివరికి మేకలాయన ఇంటికి వెళ్లింది. ఏ ఏడూ ఆమె విత్తనం తప్ప మరొకటి వేయని ఇల్లది. మేకలాయన భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"మీ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కదా వదినా. అందుకే మేమెవరం దాచుకోలేదు."

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. దొరికిందా అని కోడలు అడిగింది.

"లేదే" అంది అత్త. "అందరం కలిసి తినేశాం."