నొప్పి లేని కన్ను

చెరకు తోటలో గడలు పడిపోకుండా జడచుట్లు కట్టి ఇంటికొచ్చిన రోజు, నా ఎడమ కంటికి ఏదో అయిందని మొదట చూసింది మా ఆయన. "ఒసే, కన్ను నెత్తురు ముద్దలాగున్నాది. నీకేటీ తెలీడం నేదా?" అన్నాడు. చెరకు ఆకు గీరుకుని ఉంటుంది. నాకు మాత్రం మంట లేదు, సలుపు లేదు.

మా ఆడపడుచు నవ్వింది. "నొప్పి నేని రోగమేటొదినా? పని ఎగ్గొట్టీడానికి కన్ను నలిపీసుకున్నావేటి?" ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోను.

మర్నాడు చోడవరంలో ఒక డాక్టరు దగ్గరకు వెళ్లాను. "నొప్పి ఉందా?" అన్నాడు. లేదన్నాను. "మరెందుకమ్మా వచ్చావు? కండ్లకలక. ఈ డ్రాప్స్ వేసుకో. ఇక లే, వెళ్లు." టార్చి బల్ల మీదే ఉంది. ఆయన దానికి చేయి చాపలేదు.

వారం తిరక్కముందే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. చూపు మసకబారింది. విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ దూదిని సన్నగా పురిపెట్టి కంటికి తాకించారు.

"తెలుస్తోందా?"

"ఏటి?" అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "ఈ వైపు నుదుటి మీద ఎప్పుడైనా అక్కి వచ్చిందా?"

వచ్చింది. కిందటి వేసవిలో నుదురంతా పొక్కులు. అక్కి రాసే ముసలాయన్ని పిలిచి, నుదుటి మీద జాజు ఎర్రమట్టితో సింహం బొమ్మ వేయించాం. పొక్కులు మాడి, మంట పోగానే "సల్లబడిపోనాది" అని ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆ మంటతోపాటు కంటి నరం కూడా చల్లబడిందని ఎవరికి తెలుసు?

"అక్కి మీ నల్లగుడ్డు మీది కార్నియా పొర నరాన్ని దెబ్బతీసింది. ఆ నరం నొప్పి చెప్పి ఊరుకోదమ్మా. బ్యాక్టీరియా వస్తే ఇమ్యూన్ కణాలు ఎంత పోరాడాలో, ఎక్కడ ఆగాలో చెప్పడంలో దానికీ చేయి ఉంటుంది. అది పనిచేయకపోతే పుండు మానదు, ఆ పోరాటమే కంటిని కరిగించేస్తుంది" అన్నారు.

కల్చర్ టెస్టులో బ్యాక్టీరియా తేలింది. గంటగంటకూ డ్రాప్స్. ఇన్‌ఫెక్షన్ తగ్గిందన్నారు గానీ పుండు మానలేదు. కార్నియా ఇంకా పలచబడింది. చివరికి పుండుకు కాపుగా రెప్పలను సగం కలిపి కుట్టేశారు.

"సూపొస్తాదా అమ్మా?" అని అడిగాను.

"కన్ను నిలిచింది. చూపు మీద ఆశ పెట్టుకోకండి." ఆ మాట చెబుతూ ఆవిడ నా చేయి పట్టుకున్నారు. అదీ మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ కంటికి అంతా పొగమంచే. మొన్న మనవరాలు ఒళ్లో ఆడుతూ అందులో వేలు పెడితే నాకు తెలియలేదు. దాని తల్లి కేక వేస్తే తెలిసింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడతాను. నా కన్ను ఎలా ఉందో నాకు అద్దం చెప్పాలి.

నుదుటి మీద అక్కి వచ్చినవాళ్లు జాజు రాయించుకుంటే నేను కాదనను, కానీ కంటి డాక్టరుకు కూడా చూపించుకోండి. ఆ తర్వాత ఎప్పుడు కన్ను ఎర్రబడినా, నొప్పి లేకపోయినా వెళ్లి, "నాకు ఈ వైపు అక్కి వచ్చింది, దూదితో ముట్టి చూడండి" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నన్ను లేవమంటే లేచాను. మీరు లేవకండి.