ఆటల మైదానం పక్కన పొట్టి గోడ

మా ఆయన బ్రిటిష్ సైన్యంలో డాక్టరుగా పదహారేళ్ళు పనిచేశారు. ఆ పదహారేళ్ళూ మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వినపడ్డ మాట "సివిల్‌లోకి వెళ్ళాక". అంటే సైన్యం వదిలి బయటి బతుకులోకి వెళ్ళాక అన్నమాట. కొత్త దుప్పట్లు సివిల్‌లోకి వెళ్ళాక పరుచుకోవాలి. గోడకి దేవుడి పటం సివిల్‌లోకి వెళ్ళాక తగిలించుకోవాలి. పిల్ల కుక్కపిల్ల కావాలంటే, అది కూడా అప్పుడే.

గుంటూరులో చదువుకుని, అరవైల మొదట్లో కార్డిఫ్ ఆస్పత్రిలో చేరారాయన. డ్యూటీల పట్టికలో ఎప్పుడు చూసినా పండగ డ్యూటీలు మనవాళ్ళకే. పై పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడల్లా చక్కగా మాట్లాడి, టీ ఇచ్చి, ఇంకొకరిని తీసుకునేవారు. రెండేళ్ళు చూసి విసుగెత్తి ఒకరోజు పేపర్లో ప్రకటన చూసి సైన్యానికి దరఖాస్తు పెట్టారు. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళందరూ భయపడ్డారు గానీ నేను భయపడలేదు. డాక్టరు గారి భార్యనే కాదు, ఇప్పుడు ఆఫీసరు గారి భార్యని కూడా. నా గొప్పలు నాకు ఉండేవి, దాచుకోను.

చేరిన వారంలోనే ఆయన నాతో అన్నారు, "ఇది మనిల్లు కాదోయ్. ఎప్పుడో ఒకరోజు దిగిపోవాలి. ఇప్పట్నించే సిద్ధం కావాలి." నేను అక్షరాలా సిద్ధమయ్యాను. సైన్యం వాళ్ళ క్వార్టర్లలో మంచం వాళ్ళది, కర్టెన్లు వాళ్ళవి, చెంచాలు వాళ్ళవి. మేకు కొట్టకూడదు. రెండు మూడేళ్ళకోసారి బదిలీ. ఇల్లు అప్పగించే రోజున ఒక అధికారి వచ్చి స్టవ్ మీద వేలు పెట్టి రాసి చూసేవాడు. పోపు వేసిన వంటింటి గోడల్ని మూడు రోజుల ముందునుంచే తోమేదాన్ని. పసుపు మరక ఒకటి కనపడితే మా ఆయన పేరు పక్కన రాస్తారేమోనని నా భయం. అందుకే నా కాపరమంతా ఒక ట్రంకుపెట్టెలో పెట్టాను. అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలు, లీసెస్టర్‌లో కొన్న డిన్నర్ సెట్టు, ఏ కిటికీకో తెలియకుండానే కొన్న కర్టెన్ గుడ్డ. క్యాంపు మారినప్పుడల్లా ఆ పెట్టె మాతో వచ్చేది, తాళం తియ్యకుండానే.

ఆయన సిద్ధపడ్డ తీరు వేరు. బయటికెళ్ళాక జీపీగా, అంటే పేటలో ఫ్యామిలీ డాక్టరుగా చేరాలని, దానికి కావలసిన పరీక్షలన్నీ సెలవుల్లో కూర్చుని రాశారు. అది నాకు తెలిసిన సంగతి. తెలియని సంగతి ఇంకొకటి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక్కడ మా మావగారి సంగతి చెప్పాలి. ఆయన తాపీ మేస్త్రి. మా ఊళ్ళో హైస్కూలు ముందు వసారా ఆయన కట్టిందే. మా ఆయన చదువుకునే రోజుల్లో సెలవుల్లో తండ్రి దగ్గర ఇటుకలందించేవారట. మెడికల్ కాలేజీలో సీటొచ్చాక "ఇక తాపీ ముట్టుకోకు, చేతులు మొరటెక్కుతాయి" అని తండ్రే మానిపించారట. మా నాన్న హెడ్మాస్టరు. డాక్టరు సంబంధం అని చేశారు తప్ప, మేస్త్రీ గారింటికి పిల్లనిచ్చామని మావాళ్ళు ఎప్పుడూ గొంతెత్తి చెప్పుకోలేదు. నేనూ అంతే.

సెలవు దొరికితే లీసెస్టర్ వెళ్ళేవాళ్ళం. అక్కడ ఆంధ్రా, హైదరాబాద్ డాక్టర్ల కుటుంబాలు నాలుగైదు ఉండేవి. ఒకసారి భోజనాలయ్యాక ఒకావిడ నన్నడిగింది, "మీ మావగారు ఏం చేసేవారండీ?" నేను తడుముకోకుండా "కాంట్రాక్టరండీ" అన్నాను. మా ఆయన కాఫీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. నావైపు ఒక్కసారి చూసి, కప్పులోకి చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన నలుగురిలో తన తండ్రి ఊసెత్తడం నేను వినలేదు. ఇంట్లో నా దగ్గర కూడా ఎత్తలేదు. అది నాకు సుఖంగానే ఉండింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరి క్యాంపులో మూడేళ్ళున్నాం. అక్కడ మెడికల్ సెంటర్లో ఆయన కింద ఒక సార్జెంట్ ఉండేవాడు. పెద్ద మనిషి, మాట తక్కువ. మా ఆయనకి ఆ మనిషంటే మహా ఇష్టం. ఆ క్యాంపుకి వెళ్ళిన దగ్గర్నించి శనివారాలు మా ఆయన పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చేవారు. టౌన్లో సివిల్ ఆస్పత్రికి వెళ్తున్నాననీ, ప్రసవాల కేసులు చూడకపోతే చెయ్యి మర్చిపోతుందనీ చెప్పేవారు. తిరిగొచ్చేసరికి వేళ్ళ చివర్లు పగిలి ఉండేవి. "ఆ ఆస్పత్రి సబ్బేం సబ్బండీ, చర్మం ఊడిపోతోంది" అని ఆ ఆస్పత్రి వాళ్ళని తిట్టేదాన్ని. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కొబ్బరి నూనె రాసేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని రాయించుకునేవారు.

రెండో వేసవిలో పిల్లల ఆటల పోటీలు జరిగాయి. మైదానం అంచున కొత్తగా ఒక పొట్టి గోడ కట్టి ఉంది, మోకాలంత ఎత్తు, పొడుగ్గా, కొస దగ్గర కొంచెం వంపు తిరిగి. తల్లులందరం దానిమీద వరసగా కూర్చున్నాం. అక్కడి గడ్డిలో ఎప్పుడూ తడే, చీర పాడవకుండా కూర్చునే చోటు దొరకడం నాకు పండగలా ఉంది. మా ఆయన వెనక నిలబడ్డారు. నేను గోడ మీద చెయ్యి వేసి ఊరికే అన్నాను, "ఎవరు కట్టారో గానీ మంచి పనివాడండీ. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, చూడండి."

"నిజంగానా?" అన్నారాయన.

"అబద్ధమెందుకు చెప్తాను?"

"నిజంగా బావుందా?" అని మళ్ళీ అడిగారు.

"గోడ గురించి ఎన్నిసార్లడుగుతారండీ, అటు చూడండి, పిల్ల పరిగెడుతోంది" అని విసుక్కున్నాను. పిల్ల ఆ పందెంలో మూడోదిగా వచ్చింది. ఇంటికెళ్ళేటప్పుడు ఆయన ఈల వేస్తూ నడిచారు. పిల్లకి ప్రైజు వచ్చినందుకనుకున్నాను.

ఆ మరుసటేడు రిలీజ్ కాగితాలొచ్చాయి. సైన్యంలో ఒక మంచి పద్ధతి ఉండేది. దిగిపోయే ముందు ప్రతివాణ్ణీ బయట బతకడానికి ఏదో ఒక పని నేర్చుకోమని నాలుగు వారాలు కోర్సుకి పంపేవారు. సిపాయైనా, ఆఫీసరైనా. వడ్రంగం, ప్లంబింగ్, కోళ్ళ పెంపకం, ఆఫీసు నిర్వహణ, ఇలా పెద్ద జాబితా. కావలసినదాని పక్కన గీత పెట్టి పంపాలి. ఒకనాటి పొద్దున టీ బల్ల మీద ఆ ఫారం కనపడింది. పెన్సిలుతో గీత పెట్టి ఉంది, ఇటుక పని పక్కన.

నేను ఒంటికాలి మీద లేచాను.

"ఇదేవిటండీ?"

"నాలుగు వారాలే కదా" అన్నారు. చిన్న పిల్లాడి మొహం పెట్టారు.

"నాలుగు వారాలు మీరు తాపీ పట్టుకుంటే లీసెస్టర్‌లో నలభై ఏళ్ళు చెప్పుకుంటారు. డాక్టరు గారు మేస్త్రీ పనికి దిగారని."

"మా నాన్న మేస్త్రీయే కదా."

"ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. చాలదూ? ఊరందరికీ చాటాలా?"

ఆయన ఫారం తన ముందుకి జరుపుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఆ రోజు నువ్వు ఆ గోడ మీద కూచుని..." అని మొదలుపెట్టారు.

"ఏ గోడ? నేను పరువు గురించి మాట్లాడుతుంటే మీరు గోడల గురించి చెప్తారేంటి?" అన్నాను.

అంతే. ఆయన రబ్బరు తీసుకుని ఆ గీత చెరిపేశారు. కాగితం మీది పొడిని ఊదారు. సర్జరీలు, అంటే జీపీల క్లినిక్కులు, ఎలా నడపాలో నేర్పే కోర్సు పక్కన కొత్త గీత పెట్టి, "సరేలే, ఇది బావుందా?" అన్నారు. బావుందన్నాను. గెలిచానని ఆ రోజు గారెలు కూడా వండాను.

మిల్టన్ కీన్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి ఆ ఊరింకా సగం బురద, సగం కొత్త ఇళ్ళు. రోడ్లన్నీ ఒక్కలాగే ఉండి, మూడు రౌండబౌట్లు దాటితే ఎక్కడున్నామో తెలిసేది కాదు. చెట్లు నా మోకాలి దాకా వచ్చేవి. ట్రంకుపెట్టె తెరిచాను. దుప్పట్ల మడతలు పసుపుపచ్చగా గట్టిపడిపోయాయి, ఎంత ఉతికినా పోలేదు. కర్టెన్ గుడ్డ ఏ కిటికీకీ సరిపోలేదు. పిల్లకి కుక్కపిల్లని తెచ్చుకుందామా అంటే "ఐయామ్ టూ ఓల్డ్ ఫర్ దట్, మమ్మీ" అంది.

ఆయన జీపీగా చేరారు. మంచి డాక్టరని పేరే వచ్చింది. కానీ మనిషి ఎక్కడా ఇమిడేవారు కాదు. పేషంట్లు చెప్పిన టైముకి రారు, వస్తే వరసలో ఉండరు. ఇంటికొచ్చాక పెరట్లో చేతులు వెనక్కి కట్టుకుని, చుట్టూ ఉన్న చెక్క కంచె చూస్తూ నిలబడేవారు. ఒకసారి "ఇక్కడొక గోడ కడితే..." అన్నారు. "కట్టిద్దాం లెండి, మనుషుల్ని పెట్టి" అన్నాను వంటింట్లోంచి. కట్టించడమని నేను మాట ఎందుకు మార్చానో ఆయనకి తెలుసు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

రెండో చలికాలంలో సర్జరీలో ఒక పేషంటు వెళ్ళి ఇంకో పేషంటు వచ్చేలోపు కుర్చీలోనే గుండె ఆగి పోయారు. యాభై నిండలేదు.

నెల తర్వాత ఆ సార్జెంట్ నన్ను పలకరించడానికి వచ్చాడు. అతనూ అప్పటికి సైన్యం నుంచి బయటికొచ్చి ఇళ్ళు కట్టే పని చేసుకుంటున్నాడు. టీ తాగి, కాసేపు కూర్చుని, "మేడమ్, గోడ చూడొచ్చా?" అన్నాడు.

"ఏ గోడ?"

"పెరట్లో గోడ. డాక్టర్ కట్టింది."

తలుపు తీసి చూపించాను. అతను చెక్క కంచె దాకా నడిచి, దానిమీద చెయ్యి వేశాడు. తర్వాత చెప్పాడు. సైన్యంలో చేరిన ఏడాదే మా ఆయన అనుకున్నారట, ఎప్పటికైనా సొంత ఇల్లు వస్తే దాని వెనక గోడ తన చేత్తో కట్టాలని. వాళ్ళ నాన్న కట్టినట్టు, కొసన వంపు తిప్పి. ఏ ఊళ్ళో ఉన్నా ఆ గోడ బొమ్మ గీసుకునేవారట. సార్జెంట్ కూడా ఇటుక పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాడని తెలిశాక శనివారాలు ఇద్దరూ కలిసి, పాత పని చేతికి మళ్ళీ అలవాటు చేసుకోవడానికి, క్యాంపులో మిగిలిపోయిన ఇటుకలు అడిగి తెచ్చుకుని మైదానం పక్కన ఆ పొట్టి గోడ కట్టారట. రసమట్టం పెట్టి చూసి, నచ్చకపోతే వరసలు వరసలే ఊడదీసి మళ్ళీ కట్టేవారట.

"శనివారాలు ఆస్పత్రికి కదా వెళ్ళేవారు?" అన్నాను, తెలిసిపోయాక కూడా.

అతను తల దించుకున్నాడు. "మీకు చెప్పొద్దన్నారు మేడమ్. మీకు ఇష్టం ఉండదన్నారు. కానీ ఆటల పోటీల మర్నాడు మెడికల్ సెంటర్‌కి వచ్చి, తలుపు కూడా వెయ్యకుండా, 'నా భార్య దానిమీద కూర్చుంది, మంచి పనివాడు కట్టాడంది' అని నాకు రెండుసార్లు చెప్పారు. ఇక ఒప్పుకుంటుంది, కోర్సుకి రాస్తాను అన్నారు."

సిమెంటుకి పగిలిన ఆ వేళ్ళకి మూడేళ్ళు నేనే కొబ్బరి నూనె రాశాను. ఆస్పత్రి సబ్బుని తిట్టాను. తాగుబోతులు సీసా దాచుకున్నట్టు నా మొగుడు నాకు భయపడి తన తండ్రి విద్యని దాచుకున్నాడు. ఆయన కట్టిన గోడని ఆయన ఎదటే మెచ్చుకుని, "నేనే కట్టాను" అనే ధైర్యం మాత్రం ఆయనకి మిగల్చలేదు. పదహారేళ్ళు ఆయన సిద్ధమైన ఆ ఒక్క పనీ చెయ్యనివ్వలేదు.

ఎండలు వచ్చాక సార్జెంట్‌ని బతిమాలి కార్లో ఆ క్యాంపుకి తీసుకెళ్ళమన్నాను. ఆ రోజుల్లో ఐరిష్ తీవ్రవాదుల బాంబుల భయంతో గేట్ల దగ్గర కాపలా గట్టిగా ఉండేది. సివిలియన్లకి పాస్ కావాలి. మా ఇద్దరికీ లేదు. గేటు ఊచల్లోంచి చూస్తే దూరంగా మైదానం, ఆ గోడ వంపు తిరిగే కొస కనపడుతున్నాయి. ఎవరో ఒక తల్లి దానిమీద కూర్చుని పాపకి ఏదో తినిపిస్తోంది.

"లోపల మీకు ఎవరు కావాలి మేడమ్?" అన్నాడు కాపలా సిపాయి.

"ఆ గోడ మా ఆయన కట్టారు" అన్నాను. "మా మావగారు తాపీ మేస్త్రి. ఆయన దగ్గర నేర్చుకున్నారు."

అన్నేళ్ళలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు. సిపాయి వెనక్కి తిరిగి గోడ వైపు చూశాడు.

"చాలా బావుంది మేడమ్" అన్నాడు మర్యాదగా. "కానీ పాస్ లేకుండా పంపలేను."