మా వదిన ఆగిన గుమ్మాలు

మొన్న శనివారం మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా ఇంటి బెల్ ఎవరో కుర్రవాడు కొట్టాడు. స్టేట్ హౌస్‌కి, అంటే ఇక్కడి అసెంబ్లీకి, పోటీ చేస్తున్నానని చెప్పి, చేతిలో ఒక రంగు కాగితం పెట్టి, నేను నోరు తెరిచేలోపే పక్కింటి గుమ్మం ఎక్కేశాడు. అరనిమిషం పట్టిందేమో! ప్రచారమంటే ఇలా కదా చెయ్యాలి అనుకున్నాను. మా వదినకి ఈ విద్య చివరిదాకా అబ్బలేదు.

వదినంటే మా ఆయన అక్కగారు. గుంటూరు వైపు నుంచి మాకంటే చాలా ముందే ఇక్కడికి వచ్చి, సిటిజన్ అయి, ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి మిషిగన్ స్టేట్ హౌస్‌కి నిలబడతానంది. ఇంట్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కుదురుగా కూర్చోవడం ఆవిడ ఒంట్లోనే లేదు. తెలుగు చర్చిలో పాస్టర్‌గారు చివరి ఆమెన్ అనేసరికే చెప్పులేసుకుని పార్కింగ్‌లో ఉండేది. రెండుసార్లు గెలిచింది. సభ ఉన్న రోజుల్లో తెల్లారకముందే రాజధాని లాన్సింగ్‌కి బయల్దేరడం, సాయంత్రాలు మీటింగులు, భోజనం కార్‌లోనే. గెలిచి మాత్రం సుఖపడిందా? రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ గెలవాలి కదా!

నేనప్పుడు మా ఆయన వెనక వచ్చిన హెచ్-4 వీసా మీద ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఉండేదాన్ని. ఉద్యోగం చెయ్యకూడదు, ఓటు లేదు, డ్రైవింగ్ ఒక్కటే వచ్చు. "ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుద్ది, పదవే," అని వదిన కారు తాళాలు నా ఒళ్ళో పడేసింది. ప్రచారం చూసుకునే తెల్లావిడ ఒకప్పుడు టీచరు. ఓటున్న ఇళ్ళకే వెళ్ళమని మరీ మరీ చెప్పి పంపేది. వదిన వినాలి కదా! మనవాళ్ళుండే అపార్ట్‌మెంట్లు కనబడితే చాలు, "ఆపు, ఆపు" అనేది. "మేడమ్, మాకు ఓటు లేదండీ, హెచ్-1 మీదున్నాం," అని వాళ్ళు పాపం ముందే చెప్పేసేవారు. "లేకపోతే లేదులే, కాఫీ ఉందా?" అంటూ గుమ్మంలో చెప్పులు విప్పేసేది. అది కాఫీతో ఆగుతుందా? ఉప్మా వచ్చేది, స్కూల్ బస్ గొడవ వచ్చేది, ఎవరికో ఫోన్ చేసి నిలదీయడం వచ్చేది. కింద కార్‌లో నాకు ఒళ్ళు మండిపోయేది.

మూడోసారి పోటీ గట్టిగా ఉంది. ఎన్నికల ముందు శనివారం టీచరమ్మ ఒక పెద్ద వీధి మాకు అప్పగించి, ఈ ఒక్కటీ వదలొద్దు, గెలుపు ఇక్కడే తేలుతుంది అంది. సగం దారిలో వదినకి ఫోన్. పసిబిడ్డ తల్లి ఒకమ్మాయి, ఇంట్లో హీటర్ పనిచెయ్యడం లేదట, అపార్ట్‌మెంట్ ఆఫీస్‌లో ఎవరూ పలకడం లేదట.

"బండి తిప్పు," అంది వదిన.

"ఫోన్ చేసి చెబితే సరిపోదా వదినా? ఆ వీధి ఏం కాను?"

"పసిపిల్లే, ఇంత చలిలో! తిప్పుతావా, దిగి నడవమంటావా?"

తిప్పాను. మెకానిక్ వచ్చి బాగుచేసేదాకా ఆవిడ ఆ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. బయటికి వచ్చేసరికి చీకటి పడిపోయింది. ఆ వీధికి వెళ్ళనే లేదు.

బుధవారం ఉదయం ఫలితం తెలిసింది. కొద్దిలో పోయింది. ఆ వీధి ఒక్కటి తిరిగుంటే చాలేది అని టీచరమ్మ ఒక్క మాట అని ఊరుకుంది. మధ్యాహ్నానికి వదిన ఇల్లంతా జనం. పులిహోర, పెరుగన్నం, డబ్బాల మీద డబ్బాలు. ఆ పసిబిడ్డ తల్లి వచ్చి "నావల్లే ఆంటీ" అని ఒకటే ఏడుపు. "ఛ, నోర్ముయ్," అని వదిన బిడ్డను అందుకుని చంకనేసుకుంది. అందరికీ తనే వడ్డించింది. తర్వాత చెత్త పారేసే వంకతో గరాజ్‌లోకి వెళ్ళి ఎంతకీ రాకపోతే చూద్దామని వెళ్ళాను. కార్‌లో కూర్చుని ఏడుస్తోంది.

"ఓడిపోయినందుకు కాదే. ఇంటినిండా నావాళ్ళే. ఒక్కళ్ళకీ ఓటు లేదు చూడు!"

ఆవిడ కదలకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే. పక్క సీట్లో కూర్చుని నేనూ ఏడ్చాను.

మళ్ళీ నిలబడలేదు. మోకాళ్ళు అరిగాయి. ఈలోగా మాకు గ్రీన్‌కార్డులు వచ్చాయి, ఏళ్ళు గడిచి సిటిజన్‌షిప్‌లు వచ్చాయి. మొదటిసారి ఓటు వెయ్యడానికి వెళ్ళిన రోజున, లేదని తెలిసి కూడా ఆవిడ పేరు కోసం బ్యాలెట్ అంతా పైనుంచి కిందిదాకా వెతికాను. మా ఓట్లు వచ్చేసరికి ఆవిడ రాజకీయం మొదలవడమూ, అయిపోవడమూ కూడా జరిగిపోయాయి. అందరి గుమ్మాల్లోనూ ఆగిన మనిషి కోసం కాలం ఓ కొన్నేళ్ళు ఆగి ఉంటే దాని సొమ్మేం పోయేదో!